కుప్పం సంచి

కొరియరు అనే మాట మదనపల్లెలో అప్పటికింకా ఎవరి నోటా సరిగా పలికేది కాదు. కొరియా ఆఫీసు అనేవాళ్ళు కొందరు, పచ్చసంచి ఆఫీసు అనేవాళ్ళు ఇంకొందరు. చివరికి రెండోదే నిలిచింది. లోకంలో ఏ మూలనుంచి ఏ మూలకైనా మూడు రోజుల్లో చేరుస్తామని చెప్పుకునే ఆ కంపెనీకి సముద్రాల అవతల సొంత విమానాలున్నాయట. మదనపల్లెలో మాత్రం దానికి ఉన్నవి బస్టాండు వెనక ఒక అద్దెగది, ఒక టెలిఫోను, మేనేజరు కుప్పుస్వామి, సంచి మోసే నారాయణప్ప.

నారాయణప్ప అంతకు ముందు ప్రైవేటు బస్సులో కండక్టరు. డెబ్బైల్లో ఆ బస్సు మదనపల్లె నుంచి కుప్పానికి రోజూ పోయి వచ్చేది. మనుషులతోబాటు వాళ్ళ అవసరాలన్నీ ఎక్కేవి. పుంగనూరు అయ్యవారు మరిచిపోయిన కళ్ళద్దాలు, కుప్పంలో కాన్పైన కూతురికి తల్లి పంపే కారప్పొడి, ఆస్పత్రి మందులు. రసీదు లేదు, సంతకం లేదు. ఊరొచ్చినాక మెట్టు మీద నిలబడి "ఎవురప్పా రెడ్డెమ్మ మనిషి?" అని కేకేస్తే, గుంపులోంచి ఒక చెయ్యి లేచేది. ఆ చేతిలో పెట్టేస్తే పని అయిపోయినట్టే.

ఓనరు బస్సులు అమ్మేసుకున్నాక ఎనభై అయిదులో కుప్పుస్వామి కబురు పెట్టాడు. "నువ్వు చేసే పనే గదప్పా. ఇప్పుడు చొక్కా ఇస్తారు, జీతమిస్తారు" అన్నాడు. జేబు మీద రెక్కల బొమ్మ కుట్టిన పచ్చచొక్కా తొడుక్కుని నారాయణప్ప మళ్ళీ అదే దారి పట్టాడు. ఈసారి టికెట్టు కొనుక్కుని.

కంపెనీవాళ్ళ పద్ధతి ఒకటి ఆయనకు ఎప్పుడూ నవ్వు తెప్పించేది. బొంబాయిలో ఎవరో పటం ముందర పెట్టుకుని కుప్పాన్ని మదనపల్లె కింద చేర్చేశారు. దాంతో మద్రాసులో దిగిన కుప్పం కవరు, రైల్లో కుప్పం స్టేషను మీదుగానే బెంగుళూరు పోయేది. అక్కణ్ణించి బస్సులో మదనపల్లె వచ్చేది. మళ్ళీ నారాయణప్ప ఒళ్ళో కూర్చుని పుంగనూరు, పలమనేరు దాటి కుప్పం చేరేది. "మన కవరు మనూరిని కిటికీలోంచి సూసుకోని, దిగకుండా పోయిండాది" అనేవాడు నారాయణప్ప. కుప్పుస్వామి నవ్వేవాడు కాదు. పెద్ద కంపెనీని నవ్వులాట చేయడం ఆయనకు గిట్టదు.

ఆ గురువారం కుప్పం సంచి తేలిగ్గా ఉంది. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు పట్టునూలు వ్యాపారికి ఇవ్వాల్సిన కవరు ఇచ్చి, టీ తాగి, మళ్ళీ సంచి ముడి సరిచూసుకుని ఎక్కాడు. ఎండలు ముదిరే రోజులు. చింతచెట్ల నీడలు ఒకటొకటే బస్సులోకి వచ్చి ముఖం మీద నుంచి జారిపోతున్నాయి. కుప్పంలో దిగేసరికి మధ్యాహ్నమైంది.

కుప్పం ఆఫీసంటే రైలు స్టేషను ఎదురుగా ఫోటో స్టూడియో పక్కన చిన్న గది. అందులో ఉండేది అంకయ్య ఒక్కడే. పాతికేళ్ళు దాటనివాడు, పది చదివినవాడు. వాళ్ళ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి. ఆ పచ్చచొక్కాను రోజూ ఉతికి, ఇస్త్రీ చేయించి తొడుక్కునేవాడు. సైకిలు చక్రాల ఊచలకు కూడా పచ్చరంగు పూశాడు.

నారాయణప్ప సంచి విప్పి ఒక్కో కవరూ చదివి చేతికిచ్చాడు. గ్రానైటు కంపెనీకి రెండు. బ్యాంకుకు ఒకటి. చివరిది అట్టముక్క పెట్టిన గట్టి కవరు, మీద కువైటు ముద్ర.

"మారెమ్మంట. రాళ్ళగుట్ట కాలనీ. మీ తట్టేనా అబ్బోడా?"

"ఆ... మా తట్టే. నేను సూసుకుంటాలేన్నా."

అంకయ్య తక్కిన కవర్లను సైకిలు సంచిలో వేశాడు. దాన్ని మాత్రం వేయలేదు. చొక్కా పై గుండీ విప్పి లోపల పెట్టుకున్నాడు. పైదేశం కవరు కదా, పోగొట్టుకోకుండా భద్రం చేసుకుంటున్నాడనుకున్నాడు నారాయణప్ప. మెచ్చుకోలుగా చూసి, తిరుగు బస్సు కోసం లేచాడు.

సోమవారం పొద్దున నారాయణప్ప సంచి తీసుకోవడానికి మదనపల్లె ఆఫీసుకు పోయేసరికి మెట్లమీద ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. నలభై అయిదు దాటి ఉంటాయి. గట్టి మనిషి. మెడ నిటారుగా ఉంది, తలమీద బరువు మోసేవాళ్ళకు ఉన్నట్టు. చీరకొంగులో అటుకులు పెట్టుకుని ఒక్కో గుప్పెడే నములుతోంది.

లోపల కుప్పుస్వామి చెమటలు తుడుచుకుంటూ అలమారాలు సర్దిస్తున్నాడు. ఆ వారంలో మద్రాసు నుంచి ఇన్‌స్పెక్షనుకు వస్తారని ఫోను వచ్చిందట. పోయిన ఇన్‌స్పెక్షనుకే పక్క తాలూకాలో ఒకడి ఉద్యోగం పోయింది. కవరు ఇయ్యకుండానే 'తలుపు తాళం' అని రాశాడని. ఆ వీధిలోకి పోవడం ఇష్టంలేక అట్లా రాశాడని తర్వాత తెలిసింది.

"నారాయణప్పా, మెట్లమీద ఉన్నామెది కుప్పమే. మొదటిసారి వచ్చిందంట. నీ బస్సులోనే తీస్కపో" అన్నాడు కుప్పుస్వామి, తలెత్తకుండానే.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నారాయణప్ప సంచి ఒళ్ళో పెట్టుకుని ఇవతల కూర్చున్నాడు. ఊరు దాటి టమాటా తోటలు మొదలయ్యాయి.

"ఏం పనిమీద వచ్చినావమ్మా?" అన్నాడు ఆయనే.

"నాదొక కవరు రావాలప్పా. కువైటు నుంచి. వీసా కాయితం. ఆడ ఒక ఇంట్లో పనికి మనిషి కావాలంటే రాయచోటి ఏజెంటు నా పేరు రాసినాడు. కాయితం పంపించి శానా దినాలాయెనే, యాల రాలేదు, శనివారం రైలెక్కాల, లేకుంటే ఇంకొకామెను తీస్కపోతాండా అంటాడు. అందుకని అడగను వచ్చినా."

నారాయణప్పకు గట్టి అట్టకవరు గుర్తుకొచ్చింది.

"నీ పేరేమమ్మా?"

"మారెమ్మ. రాళ్ళగుట్ట కాలనీ." ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. "మావోడు గూడా మీ కంపెనీలోనే ఉండాడప్పా. అంకయ్యని. వాణ్ణి అడిగితే ఇంగా రాలేదు మా, వస్తే నేనే గదా తెచ్చేది అంటాడు. పాపం, రోజూ సూస్తానే ఉండాడంట."

 అంకయ్య చొక్కా గుండీ విప్పి కవరు లోపల పెట్టుకోవడం నారాయణప్ప కళ్ళముందు మళ్ళీ జరిగింది. నాలుగు దినాలుగా కవరు వాడి దగ్గరే ఉంది. కన్నతల్లికి రావాల్సిన కవరు.

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఏమని చెబుతాడు? నీ కొడుకు నీతో అబద్ధమాడినాడని ముక్కూమొగమూ తెలియనివాడు బస్సులో చెబితే ఆ తల్లి ఏమైపోతుంది? చెప్పకపోతే శనివారం రైలు పోతుంది. కుప్పుస్వామికి చెబితే వాడి ఉద్యోగం పోతుంది.

"కువైటంటే బయ్యం లేదామ్మా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

"బయ్యం ఎందుకుండదప్పా? పలమనేరు దాటి నేను యాడికీ పోలేదు, ఈ పొద్దు తప్ప." ఆమె నవ్వింది. "ఇరవై ఏండ్లు క్వారీలో రాళ్ళు మోసినా. వాడి సంపాదన వాడిది, వాడి పెండ్లాం బిడ్డలది. నా చేతులు ఇంగా పనికొస్తాండాయి. మా నాయన, మా తాత, అందురూ ఒకరి చేన్లల్లోనే కూలి చేసినారు. నా పేరుతో ఒక ఎకరా చేను కొనుక్కోవాలని ఉండాది. చిన్నదే. రాగులేసుకుంటా." కొంచెం ఆగి, "ఇమానం ఎక్కాలని గూడా ఉండాది. నీకు చెప్పేదానికేంలే" అంది.

పలమనేరు దాటాక ఆమె తల కిటికీ ఊచకు ఆనించి నిద్రపోయింది. నారాయణప్పకు మాత్రం కుప్పం దాకా కంటిమీద రెప్ప పడలేదు.

బస్టాండులో ఆమె కాలనీ దారి పట్టేదాకా ఆగి ఆయన ఆఫీసుకు నడిచాడు. అంకయ్య ముద్ర కొడుతూ ఉన్నాడు. నారాయణప్ప సంచి కిందపెట్టాడే గానీ ముడి విప్పలేదు.

"మారెమ్మ మీ యమ్మని నాకు యాల చెప్పలేదురా?"

ముద్ర పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎవురు చెప్పినారు?"

"ఆయమ్మే. మదనపల్లెకొచ్చింది కవరు అడగను. నా పక్కనే కూసోనుండాది ఇంతసేపూ."

అంకయ్య ముద్ర పక్కన పెట్టేశాడు. "నువ్వు చెప్పేసినావా?"

"చెప్పలేదు. యాడుండాది కవరు?"

 వాడు చొక్కా గుండీ విప్పి లోపలినుంచి తీశాడు. అట్ట వాడి ఒంటి వంపుకు వంగిపోయి ఉంది. ఒక మూల చెమటకు తడిసి రంగు మారింది. ఇంట్లో పెడితే కనిపిస్తుంది, ఆఫీసులో పెడితే దొరుకుతుంది. నాలుగు దినాలూ పగలంతా రొమ్ముకు ఆనించుకుని ఊరంతా తిరిగాడు. పడుకునేటప్పుడు తలకింద చొక్కాలో చుట్టి పెట్టుకున్నాడు.

"దీన్ని సించేద్దామని రైలు కట్టదాకా పోయినాన్నా. సించలేకపోయినా."

"ఇయ్యనూ లేకపోయినావు."

"ఎట్లిచ్చేదన్నా?" అన్నాడు వాడు. "మా నాయన పోయినాక నన్ను క్వారీలో గోనెసంచి మీద పండబెట్టి రాళ్ళు మోసింది. ఇప్పుడు నాకు జీతం వస్తాండాది, రొంత కూసోమ్మా అంటే కూసోదు. కొడుకు బువ్వ పెట్టలేక దేశంగాని దేశం తరిమినాడని ఊరంతా అంటారు. అది పోనీ. పలమనేరు తట్టు ఒకామె పోయి ఎన్నేండ్లాయెనో, బతికిందో సచ్చిందో తెలీదు. ఆ కాయితం తెచ్చి ఇయ్యాల్సింది నేనే గదన్నా. నా చేత్తో నేనే మా యమ్మను పంపించాల్నా?"

బయట ఏదో గూడ్సు బండి పోతోంది. గది గోడలు సన్నగా అదురుతున్నాయి.  నారాయణప్ప తిట్టాలనే వచ్చాడు. తిట్లు నోటికి రాలేదు.

"నేనెన్నో మోసినా అబ్బోడా" అన్నాడు చివరికి. "పెండ్లి పత్రికలు మోసినా. సావు కబుర్లు గూడా మోసినా. ఒకసారి పుంగనూరులో ఒకాయనకు ఆయన తమ్ముడు పోయినాడని నేనే చెప్పాల్సొచ్చింది. బస్సు దిగకుండా ఎళ్ళిపోదామా అనిపించింది. దిగినా. ఏదీ నాది గాదు, తీసిపెట్టుకునేదానికి. ఇదీ నీది గాదురా."

అంకయ్య కవరు మూల వేలితో సాపు చేస్తూ కూర్చున్నాడు.

"మా యమ్మకు చెప్తావా?"

"నేను చెప్పను. నువ్వే ఇయ్యి. రేపు నేనొచ్చేలోపల ఇయ్యి. ఇయ్యకపోతే అప్పుడు సూస్తాం."

మంగళవారం ఆయన వచ్చేసరికి అంకయ్య ఆఫీసు ముందర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, తల దువ్వుకుని. కవరు సైకిలు సంచిలో అందరి కవర్లతోబాటే ఉంది.

"ఇంట్లో ఇయ్యలేకపోయినాన్నా. పొద్దున్నే పనికి పోయిండాది. నువ్వూ రా" అన్నాడు.

క్వారీ ఊరికి దూరం. నారాయణప్ప వెనక క్యారేజీ మీద కూర్చున్నాడు.  గుట్ట ఎక్కేచోట దిగి ఇద్దరూ సైకిలు తోశారు. నల్లరాతి గోడ ఎండకు నూనె రాసినట్టు మెరుస్తోంది. కింద గుంతలోంచి ఆడవాళ్ళు వరసగా రాతిముక్కల గంపలు ఎత్తుకుని వస్తున్నారు. సుత్తుల చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది.

వరసలో నాలుగో మనిషి మారెమ్మ. పచ్చచొక్కాలు రెండూ చూసింది. అయినా వడి తగ్గించలేదు, పెంచలేదు. కుప్ప దగ్గరకు పోయి గంప దించి, తలమీది గుడ్డచుట్ట తీసి దులుపుకుని, అప్పుడు వచ్చింది.

అంకయ్య ఏం చెప్పాలో తెలియక, రోజూ అందరి గడపల్లోనూ అనే మాటే అన్నాడు.

"మారెమ్మ, రాళ్ళగుట్ట కాలనీ. కవరు వచ్చిండాది."

 పని చేసే ఆడవాళ్ళు కొందరు నవ్వారు, కొడుకు తల్లితో ఆటలాడుతున్నాడనుకుని. మారెమ్మ నవ్వలేదు. చేతులు చీరకు తుడుచుకుని, రెండు చేతులా కవరు అందుకుంది. వంగిపోయిన అట్టను, రంగు మారిన మూలను ఒకసారి చూసింది. చూసి, రొమ్ముకు ఆనించుకుంది.

 ఎప్పుడొచ్చిందిరా అని ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాడు నారాయణప్ప. అడిగితే వాడు ఏం చెబుతాడు?

"వేలిముద్ర వెయ్యాలమ్మా" అన్నాడు అంకయ్య.

ఆమె బొటనవేలు చాపింది. సిరా అద్ది కాయితం మీద నొక్కితే నల్లటి మచ్చ పడింది గానీ గీతలు పడలేదు. రెండోసారీ అంతే. ఇరవై ఏళ్ళ రాయి ఆ వేలిమీది గీతలన్నీ తినేసింది. అంకయ్య సైకిలు స్టాండు వేసి, కాయితం సీటు మీద పరిచి, తల్లి వేలిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, చొక్కా అంచుతో దుమ్మంతా తుడిచాడు. ఇస్త్రీ చొక్కా నల్లబడింది. మళ్ళీ సిరా అద్ది, మెల్లగా, ఇటునుంచి అటు దొర్లించాడు. ఒక అంచున నాలుగు గీతలు కనీకనబడకుండా పడ్డాయి.

"సాలా?" అంది ఆమె.

"సాలు మా." వాడు వేలు వదల్లేదు. "లేటయిందిమ్మా."

"వచ్చింది గదా, నాయనా."

అంతే అంది. మేస్త్రీ కేకేస్తే చుట్ట తలమీద పెట్టుకుని, కవరు రవికలో దోపుకుని మళ్ళీ గుంతలోకి దిగిపోయింది. దిగేటప్పుడు మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

శనివారం మద్రాసు రైలు మధ్యాహ్నం. నారాయణప్ప బస్సు దిగి, సంచి ఆఫీసులో పడేసి స్టేషనుకు పోయాడు. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద మారెమ్మ కొత్త రేకుపెట్టె మీద కూర్చుని ఉంది. కాలనీవాళ్ళు పదిమంది దాకా వచ్చారు. ఎవరో పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఇచ్చారు. ఎవరో ఊరగాయ ఇచ్చారు. ఆ దేశంలో నీకు మాట్లాడేదానికి ఎవురుంటారమ్మా అని ఒకామె ఏడుస్తుంటే, మారెమ్మే ఆమెను ఓదారుస్తోంది. అంకయ్య పెట్టెకు తాడు చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. బండి వస్తోందని గంట కొట్టేసరికి "ఇడ్లీ పొట్లం కట్టించుకోనొస్తా" అని పరుగెత్తాడు.

మారెమ్మ పెట్టెమీద నుంచి లేచి నారాయణప్ప దగ్గరికి వచ్చింది.

"నీ మేలు మర్సిపోనప్పా."

"నేనేం చేసినానమ్మా? కవరు తెచ్చి ఇచ్చింది మీవోడే గదా."

"వానితో మాట్లాడినావు గదా. అదే మేలు."

నారాయణప్పకు మొదట అర్థం కాలేదు.

"ఆ పొద్దు మీ మేనేజరు చెప్పేసినాడప్పా" అంది ఆమె గొంతు తగ్గించి. "నీ కవరు గురువారమే కుప్పం సంచిలో పోయిందమ్మా, అంకయ్యనేవాడు తీసుకోనుండాడు, ఎందుకియ్యలేదో వాణ్ణి నిలదీస్తా, మద్రాసుకు ఫోను చేస్తా అని లేసినాడు. నేనే ఆపినా. అట్లయితే ఇంట్లోనే ఇచ్చింటాడు సారూ, నేను పనికి పోయిన పూట వచ్చింటాది, సూసుకుంటాలే అని చెప్పినా. అంకయ్య నా కొడుకని చెప్పలేదు."

"అంటే... బస్సులో నాతో చెప్పినప్పుడు?"

"తెలిసే చెప్పినా. నీ ఒళ్ళో సంచి సూసినా. వాని చేతికిచ్చేది నువ్వేనని తెలిసింది. మంచి మనిషిగా కనపడితివి."

 ఆమె బాధపడుతుందని తాను మాట మింగుకుని కూర్చున్న ఆ దారంతా, ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పిన ఒక్కో మాటా మళ్ళీ నారాయణప్ప చెవిలో వినబడింది.

"నువ్వే అడిగేసుంటే పోయేది గదమ్మా. వాడు కాదంటాడా?"

"అనడు. అడిగితే ఇచ్చేస్తాడు." మారెమ్మ ప్లాట్‌ఫారం వైపు చూసింది. అంకయ్య ఇడ్లీ అంగడి ముందర జనాన్ని తోసుకుంటున్నాడు. "ఇచ్చినాక నా మొగం ఎట్ల సూస్తాడప్పా? నేను మల్లా వచ్చేది ఎన్నేండ్లకో. అన్నేండ్లు అమ్మకు దొంగగా దొరికినానే అని కుమిలిపోతాడు. వాడంతట వాడు తెచ్చిచ్చినాడు. వాడికి అది మిగలాల."

రైలు వచ్చింది. కుప్పంలో ఆగేది కొద్దిసేపే. అంకయ్య పరుగున వచ్చి పెట్టె లోపలికి తోసి, ఇడ్లీ పొట్లం, మంచినీళ్ళ చెంబు కిటికీలోంచి అందించాడు. తల్లి చెయ్యి ఊచల సందులోంచి బయటికి వచ్చి వాడి బుగ్గమీద ఆగింది. వాడు ఆ చేతిని పట్టుకుని బండితో పాటు నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. ప్లాట్‌ఫారం అయిపోయింది.

కాలనీవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అంకయ్య పట్టాల వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, ముఖం తుడుచుకుని నారాయణప్ప దగ్గరికి వచ్చాడు.

"ఒకటి మాత్రం బాగయిందన్నా. మా యమ్మకేమీ తెలీకుండా అయిపోయింది. తెలిసింటే తట్టుకోలేదు."

నారాయణప్ప వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"అవునబ్బోడా. ఆయమ్మకేమీ తెలీదు" అన్నాడు.

ఇద్దరూ ఆఫీసు వైపు నడిచారు. ఆ పొద్దుటి సంచి ముడి ఇంకా విప్పనేలేదు.